ఫ్లోరైడ్‌తో ఎముక గట్టిపడుతుందా, పెళుసవుతుందా? పిలకాయలకు ఎముక కోసి చూపించడం ఎట్లా?

కనిగిరి_బయాలజీ

8, 9 తరగతుల పిలకాయలు సైన్స్ ప్రదర్శనకు ఎముకల అంశం తీసుకున్నారు. చార్టు మీద బొమ్మ గీసి పేర్లు రాస్తే చాలదు, చేత్తో పట్టుకుని చూసేట్టు ఉండాలి. రెండు సంగతులు కావాలి.

ఒకటి, మేకదో కోడిదో ఎముక తెచ్చి లోపలి నిర్మాణం చూపించే పద్ధతి. కొలతలు, రోజులతో సహా చెప్పండి.

రెండోది పిలకాయల ప్రశ్న. "ఫ్లోరైడ్ నీళ్లు తాగినోళ్ల ఎక్స్‌రేలో ఎముక ఇంకా తెల్లగా, చిక్కగా కనపడుద్ది గదా సార్. అట్టయితే గట్టిపడినట్టే గదా. మరి నడుం ఎందుకు బిగుసుకుపోద్ది, ఎముక ఎందుకు విరుగుద్ది?" పాఠ్యపుస్తకంలో దీనికి జవాబు లేదు. "ఫ్లోరైడ్ ఎముకలను బలహీనపరుస్తుంది" అని ఒక్క వాక్యం చెప్పి దాటేస్తే వాళ్లు ఊరుకోరు.

నెల్లూరు_అస్థిశాస్త్రం

మంచి ప్రశ్న. ఎముకంటే సున్నపు కడ్డీ అనుకున్నంతకాలం దీనికి జవాబు దొరకదు. ముందు లోపల ఏముందో చూద్దాం.

తాటిమొద్దును అడ్డంగా కోస్తే చుట్టూ నల్లటి నారలతో చేవ ఉంటుంది, మధ్యలో మెత్తటి బెండు. బెండు తోడేసి దోనె చేసినా మొద్దు నీళ్ల బరువు మోస్తుంది. వంపును తట్టుకునే పని ఎక్కువగా అంచుదే కాబట్టి. తొడ ఎముక నడిమి భాగం కట్టుబడి కూడా ఇట్లాంటిదే. చుట్టూ గట్టి ఎముక, నడుమ మూలుగ ఉండే గొట్టం. పైన పరిఅస్థిక అనే పొర అంటిపెట్టుకుని ఉంటుంది. నరాలుండేది ముఖ్యంగా అందులోనే. మోకాలి కింద ముందువైపు ఎముక మీద దెబ్బ తగిలితే ప్రాణం విలవిల్లాడేది ఆ పొర వల్లే, అక్కడ పైన కండ లేదు.

కొసల దగ్గర కట్టుబడి మారుతుంది. గట్టి పెంకు పల్చబడి లోపల స్పంజిలాంటి జాలీ వస్తుంది. అది అడ్డదిడ్డంగా అల్లింది కాదు. తొడ ఎముక తలను నిలువుగా చీల్చి చూస్తే సన్నటి పట్టీలు బరువు దిగే దారిలోనే వరస కట్టి కనపడతాయి. బరువు పడే తీరు మారితే పట్టీల వరస కూడా మారుతుందని 1892లో జూలియస్ వోల్ఫ్ సిద్ధాంతం చేశాడు. ఒంట్లో ఎముక బరువులో సుమారు 80 శాతం గట్టి ఎముక, 20 శాతం జాలీ. మార్పు వేగంగా జరిగేది మాత్రం జాలీలోనే.

ఇక గట్టి ఎముకను పల్చగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే చెరుకుగడల మోపును అడ్డంగా నరికినట్టు గుండ్రాలు కనపడతాయి. ఒక్కో గుండ్రం ఒక ఆస్టియాన్. వెడల్పు సుమారు 0.2 మిల్లీమీటర్లు. నడుమ హావర్షియన్ నాళం, అందులో రక్తనాళం. 1691లో ఈ నాళాల గురించి పుస్తకం రాసిన క్లాప్టన్ హావర్స్ పేరే దానికి పెట్టారు. నాళం చుట్టూ ఉల్లిపొరల్లా పలకలు, ఒక్కో పలక మందం 3 నుంచి 7 మైక్రాన్లు. పలకల మధ్య చిన్న గుంటల్లో ఆస్టియోసైట్లు అనే ఎముక కణాలు కూర్చుని, సన్నటి కాలువల గుండా ఒకదాన్నొకటి తాకుతా ఉంటాయి.

ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది. పక్కపక్క పలకల్లో కొల్లాజెన్ అనే ప్రొటీన్ నారల వాలు వేరువేరుగా ఉంటుంది. ప్లైవుడ్‌లో పొరలు అడ్డం నిలువు అంటించినట్టు. ఒక పలకలో బీట పుడితే తర్వాతి పలక దగ్గర దారి తప్పి ఆగిపోతుంది.

ఎక్స్‌రే_ఒంగోలు

తెలుపు గురించి ఒక మాట. ఎక్స్‌రే ఫిల్ము మీద తెలుపంటే ఆ దారిలో కిరణాలను ఆపే ఖనిజం అంత ఉందని మాత్రమే అర్థం. ఆ ఖనిజం సరైన చోట ఉందా, దాన్ని పట్టుకునే నార బాగుందా అనేది ఫిల్ముకు తెలీదు. కొల్లాజెన్ అసలు పడదు. ఇటుకలు ఎన్ని ఉన్నాయో లెక్క చెబుతుంది గానీ, గోడ కట్టారా కుప్ప పోశారా అనేది అంత తేలిగ్గా చెప్పదు. ఇంకో సంగతి, ఖనిజం సుమారు 30 నుంచి 40 శాతం పోతే తప్ప మామూలు ఎక్స్‌రేలో తగ్గుదల కంటికి ఆనదు.

అస్థి ఫ్లోరోసిస్‌లో, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు వచ్చే జబ్బులో, ఫిల్ము చూసేటప్పుడు మొదట వెన్ను, కటి చూస్తాం. జాలీ పట్టీలు మందమై, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, చివరికి మొత్తం సుద్దముక్కలా అవుతుంది. ఆ తర్వాత ముంజేయి. అక్కడి రెండు ఎముకలు రత్నికీ అరత్నికీ మధ్య ఒక పొర ఉంటుంది, మామూలుగా ఫిల్ములో కనపడదు. ఫ్లోరోసిస్‌లో ఆ పొరకు ఖనిజం పట్టి ఎముక అంచు నుంచి ముళ్లలా పొడుచుకొస్తుంది. వెన్ను తెల్లబడటానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి. దానికి తోడు ముంజేతి పొర కూడా గడ్డకట్టి, తాగే నీళ్లు ఫ్లోరైడ్ ఎక్కువున్నవి అయితే అనుమానం బలపడుతుంది.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాను తీయించి "సాంద్రత బ్రహ్మాండంగా ఉంది" అని సంబరపడేవాళ్లున్నారు. ఫ్లోరోసిస్ ఉన్న మనిషికి ఆ అంకె మోసం చేస్తుంది. మామూలుగా ఆ స్కానులో వచ్చే టి-స్కోరు అనే అంకె మైనస్ 2.5 కంటే కిందికి పోతే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. ఇక్కడ సాంద్రత ఎక్కువ చూపించినా ఎముక నాసిరకంగా ఉండొచ్చు.

పొదిలి_నీటిపరీక్ష

ఈ జబ్బుకీ మన ప్రాంతానికీ పాత చుట్టరికం ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట వివరంగా రాసింది ఇక్కడి ఊళ్లు చూసే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వేసిన వ్యాసం శీర్షికలోనే నెల్లూరు జిల్లా పేరుంది. అప్పటికి దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం అయింది. పాత కాగితాల్లో నెల్లూరు అని ఉంటే పెన్నా ఒడ్డు ఊళ్లనుకోవద్దు.

భారత ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు. వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. నేల అడుగున రాతిలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటాయి, నీళ్లు ఎంతకాలం ఆ రాతిని ఒరుసుకుని ఉంటే అంత కరుగుతుంది. అందుకే లోతు బోరు నీళ్లలో ఎక్కువ, వాన నీటి చెరువులో తక్కువ రావడం మామూలు. నీళ్లలో కాల్షియం తక్కువై, సోడా గుణం ఎక్కువైతే ఫ్లోరైడ్ ఇంకా పెరుగుతుంది. రుచి, రంగు, వాసన ఏవీ మారవు కాబట్టి నాలుకతో కనిపెట్టడం కుదరదు.

ప్రదర్శనలో ఇది మాత్రం పెద్దక్షరాలతో పెట్టించండి: కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. గుడ్డలో వడకట్టినా, బిందెలో తేర్చినా, క్లోరిన్ బిళ్ల వేసినా అంతే. పోగొట్టేవి వేరు: ఆర్.ఓ., యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలు, పటిక సున్నం కలిపే నల్గొండ పద్ధతి. అల్యూమినాను వేళకు మళ్లీ శుద్ధి చేయకపోతే గుళికలు నిండిపోయి నీళ్లు ఎట్లా పోసినవి అట్లానే వస్తాయి, మనం మాత్రం ఫిల్టరు నీళ్లు తాగుతున్నామనుకుంటాం.

కనిగిరి_బయాలజీ

అందరికీ కృతజ్ఞతలు. తెలుపంటే ఖనిజం, అది అర్థమైంది. కానీ అసలు ముడి విప్పలేదు. ఖనిజం ఎక్కువైతే బలం ఎందుకు తగ్గాలి?

నెల్లూరు_అస్థిశాస్త్రం

ఇప్పుడు అక్కడికే వస్తున్నా.

ఎముక బరువులో సుమారు 65 నుంచి 70 శాతం ఖనిజం. 20 నుంచి 25 శాతం సేంద్రియ పదార్థం, అందులో పదింట తొమ్మిది వంతులు కొల్లాజెన్. మిగతాది నీరు. మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో గడ్డి తుంచి ఎందుకు కలుపుతారు? ఉత్త మట్టి అయితే ఎండకు బీటలిచ్చి పెళ్లలు ఊడతాయి. గడ్డి ఆ పెళ్లను పట్టుకుంటుంది. ఎముకలో మట్టి ఖనిజం, గడ్డి కొల్లాజెన్. ఒత్తితే నలగకుండా కాచేది ఖనిజం, లాగితే తెగకుండా కాచేది కొల్లాజెన్.

గట్టిదనం వేరు, విరగకుండా తట్టుకునే గుణం వేరు. రాసుకునే పలక గట్టిది, కిందపడితే రెండు ముక్కలు. వెదురు దానికంటే మెత్తనిది, వంగి మళ్లీ లేస్తుంది. ఎముకకు ఈ రెండు గుణాలూ కావాలి, ఏదో ఒకటి పెరిగితే లాభం లేదు.

ఇక ఫ్లోరైడ్ ఏం చేస్తుందో చూడండి. ఎముక ఖనిజం పేరు హైడ్రాక్సీఎపటైట్. కాల్షియం, ఫాస్ఫేట్, వాటి నడుమ హైడ్రాక్సిల్ ఉండే స్ఫటికం. ఫ్లోరైడ్ అయాన్ పరిమాణంలో హైడ్రాక్సిల్‌కు దగ్గరగా ఉంటుంది, ఆవేశం కూడా ఒకటే. అందుకని సులువుగా దాని చోట్లో దూరుతుంది. అప్పుడు స్ఫటికం పెద్దదవుతుంది, ఆసిడ్‌కు త్వరగా కరగదు. వినడానికి బాగానే ఉంది. కానీ ఎముక బతికేదే కరిగి మళ్లీ కట్టుకోవడం మీద. ఆస్టియోక్లాస్టులు అనే కణాలు ఆసిడ్ వదిలి పాత ఎముకను 2, 3 వారాల్లో తవ్వుతాయి. ఆ గుంటను ఆస్టియోబ్లాస్టులు అనే ఇంకో రకం కణాలు 3, 4 నెలలు కూర్చుని పూడుస్తాయి. నడకలో, పనిలో పడే సన్నటి బీటలు ఈ మరమ్మతుతోనే పోతాయి. స్ఫటికం కరగడానికి మొండికేస్తే పాత ఎముక పాతగానే పడి ఉంటుంది.

అంతటితో ఆగదు. ఫ్లోరైడ్ ఆస్టియోబ్లాస్టులను తరుముతుంది. అవి హడావుడిగా నార పరుస్తాయి. ఒకదాని మీదొకటి పలకలు, వాలు మార్చిన నారలు అన్నానే, ఆ వరస ఇక్కడ తప్పుతుంది. నార వేసిన చోటికి ఖనిజం సకాలంలో చేరదు. కాబట్టి ఒకే ఎముకలో ఒకచోట ఖనిజం మరీ ఎక్కువ, ఇంకోచోట మెత్తటి నార మందంగా పేరుకుని ఉంటాయి. ఖనిజానికీ కొల్లాజెన్‌కూ మధ్య పట్టు కూడా సడలుతుంది. మట్టి రెండింతలు పోసి గడ్డిని గుప్పెడొకచోట విసిరేస్తే గోడ లావుగానే లేస్తుంది. నిలబడేది ఎన్నాళ్లు?

ఇది ఊహ కాదు, మనుషుల మీద చూసిందే. ఎముకలు గుల్లబారిన వాళ్లకు సోడియం ఫ్లోరైడ్‌ను మందుగా ఇచ్చిన కాలం ఒకటుంది. 1990లో అచ్చయిన అమెరికా పరీక్షలో మెనోపాజ్ దాటిన 202 మంది ఆడవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజుకు 75 మిల్లీగ్రాముల చొప్పున నాలుగేళ్లు ఇచ్చారు. నడుము వెన్నులో సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు చితకడం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ముంజేతి రత్నిలో సాంద్రత 4 శాతం తగ్గింది. వెన్ను కాని చోట్ల ఎముకలు విరగడం పెరిగింది. మీ పిలకాయల ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు ఉండదు: తెలుపు పెరిగింది, విరగడం కూడా పెరిగింది.

దర్శి_దంతం

మరి ఫ్లోరైడ్ పేస్టు పళ్లకు మంచిదంటారే, అని ఎవరైనా అడుగుతారు. ముందే జవాబు సిద్ధం చేసుకోండి సార్. పంటి ఎనామిల్ ఒకసారి తయారయ్యాక తవ్వి పూడ్చే కణాలు అందులో ఉండవు. అక్కడ కావాల్సింది ఆసిడ్‌కు కరగకపోవడమే. ఎముకలో అదే గుణం మరమ్మతుకు అడ్డం. పైగా పేస్టు పని పైపూత, మింగేది కాదు. పంటి పైభాగం లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు 8 ఏళ్ల లోపు, ఫ్లోరైడ్ ఎక్కువ పడితే ఎనామిల్ మీద సుద్ద మచ్చలు, తర్వాత గోధుమరంగు చారలు వస్తాయి. ఆ వయసు దాటాక ఫ్లోరైడ్ ఊళ్లకు వచ్చినవాళ్లకు పళ్ల మచ్చలు రావు, ఎముకల జబ్బు రావచ్చు. పళ్లు తెల్లగా ఉన్నాయి కాబట్టి ఫ్లోరోసిస్ లేదనుకోవద్దు.

ఫిజియో_కావలి

నడుం బిగుసుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు. అది ఎముక కథ కంటే స్నాయువుల కథ.

వెన్నులో మెడకు 7, ఛాతీకి 12, నడుముకు 5 పూసలు. కింద 5 కలిసిపోయి త్రికం, దాని కింద తోక ఎముక. పూసలను పట్టి ఉంచేవి స్నాయువులు. ఫ్లోరోసిస్‌లో స్నాయువు ఎముకకు అంటుకునే చోట ఖనిజం పట్టడం మొదలై పైకి పాకుతుంది. మెత్తటి తాడు కర్ర అవుతుంది. పూసల అంచుల మీద కొక్కేలు మొలిచి పక్కదాన్ని అందుకుంటాయి. పక్కటెముకలు వెన్నును తాకే కీళ్లు బిగిస్తే ఛాతీ విచ్చుకోదు, మనిషి పొట్టతోనే ఊపిరి తీస్తాడు. చనుమొనల ఎత్తున టేపు పెట్టి, ఊపిరి పూర్తిగా వదిలినప్పుడూ నిండా పీల్చినప్పుడూ కొలవండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో తేడా సుమారు 5 సెంటీమీటర్లు ఉంటుంది. 2.5 కంటే తక్కువైతే డాక్టరు చూడాలి.

వెన్ను లోపల వెన్నుపాము పోయే నాళం ఉంది. మెడ దగ్గర ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు. నాళం గోడల్లోని స్నాయువులు మందమై అది 13 కంటే తగ్గితే ఇరుకు, 10 కంటే తగ్గితే నొక్కుడు ఖాయమనుకోవచ్చు. అప్పుడు కాళ్లు బరువెక్కడం, తిమ్మిరి, చెప్పు జారిపోయినా తెలియకపోవడం మొదలవుతాయి. ఇట్లాంటి మెడను పట్టి విరిపించడం, నడుం తొక్కించడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? వంగని మెడను బలవంతంగా వంచితే నలిగేది వెన్నుపాము.

ఊళ్లో ఎవరికైనా అనుమానముంటే 3 పరీక్షలు చేయించి చూడొచ్చు. గడ్డం ఛాతీకి ఆనించడం. మోకాళ్లు వంచకుండా వంగి కాలి వేళ్లు ముట్టుకోవడం. చేతులు పక్కలకు చాచి, మోచేతులు మడిచి తల వెనక ముట్టుకోవడం. చేయలేకపోయినంత మాత్రాన ఫ్లోరోసిస్ అని తేల్చేయకండి, కీళ్లవాతంలో కూడా ఇట్లాగే ఉంటుంది. నీళ్ల పరీక్ష, మూత్రంలో ఫ్లోరైడ్, ముంజేతి ఎక్స్‌రే కలిపి చూడాల్సిందే.

పిలకాయల సంగతి వేరు. వాళ్లకు తిండిలో కాల్షియం తక్కువై, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పెరిగే ఎముక మెత్తబడి మోకాళ్లు లోపలికి ఒరుసుకుంటాయి. కడుపులో కాల్షియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు కాబట్టి పాలు, పెరుగు, రాగిసంకటి ఇక్కడ నిజంగానే పనిచేస్తాయి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తిండి సరిచేసినా నీళ్లు మార్చడం మాత్రం తప్పదు.

ల్యాబ్_అన్న_ఆత్మకూరు

ఇక ప్రదర్శన సంగతి. పెద్ద ఖర్చేం లేదు, 10 రోజుల ముందు మొదలుపెట్టండి.

ఎముక ఎంపికలోనే సగం తప్పులు జరుగుతాయి. బ్రాయిలర్ కోడి వయసు ఆరేడు వారాలు, దాని కాలి ఎముక కొసలు ఇంకా మృదులాస్థే. ఉడకబెడితే టోపీలా ఊడిపోతాయి. ఎముక పెరిగే చోటు చూపించడానికి అది మంచిది, ఆసిడ్ ప్రయోగానికి కాదు. దానికి ముదురు నాటుకోడి తొడ కింది ఎముక తీసుకోండి. మేక ఎముక ఆసిడ్‌లో వేస్తే లోపలికి దిగడానికి వారాలు పడుతుంది, ప్రదర్శన అయిపోతుంది.

కండ గీకేసి, అరగంట ఉడికించి, నార మొత్తం తీసేయండి. కండ మిగిలితే ఆసిడ్ దాన్ని ఊరగాయ చేస్తుంది, ఎముకకు చేరదు. రెండు ఎముకలు ఒకే పొడవువి ఉండాలి, ఎండబెట్టి తూకం వేసి రాసుకోండి.

మొదటిది కొట్లో దొరికే వెనిగర్‌లో నిండా మునిగేట్టు వేయండి. బుడగలు లేస్తాయి, ఎముకలోని కార్బొనేట్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ అది. అందుకే మూత బిగించకూడదు, వదులుగా పెట్టండి. రోజు మార్చి రోజు పాత వెనిగర్ పారబోసి కొత్తది పోయండి. మార్చకపోతే ఆసిడ్ తీరిపోయి పని ఆగుతుంది, ఎక్కువమంది "మాకు రాలేదు" అనేది ఇక్కడే. 5 నుంచి 7 రోజులకు గుండుసూది గుచ్చి చూడండి, మధ్యలో గరగరమనకుండా దిగితే అయినట్టు. ఎముక ఆకారం చెక్కుచెదరదు, రబ్బరు గొట్టంలా వంగుతుంది. అందులో మిగిలింది కొల్లాజెన్.

తొందరుంటే ల్యాబులోని హైడ్రోక్లోరిక్ ఆసిడ్ 1 పాలు, నీళ్లు 9 పాళ్లు. నీళ్లలో ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లో నీళ్లు కాదు. ఒకటి రెండు రోజుల్లో అవుతుంది. ఈ పని మాస్టారే చేయాలి, పిలకాయల చేతికి ఇవ్వొద్దు.

రెండోదాన్ని బొగ్గుల కుంపట్లో పెట్టి విసరండి. ముందు నల్లబడుతుంది. అక్కడ ఆపేస్తే ప్రయోగం సగమే, ఆ నలుపు కొల్లాజెన్ కాలిన బొగ్గు. బూడిదరంగు దాటి తెల్లగా సుద్దలా అయ్యేదాకా ఉంచాలి. గ్యాసు పొయ్యి మీద ఇంత వేడి ఎముకంతా సమంగా అందదు, ఇల్లంతా కంపు మిగులుద్ది. చల్లారాక తూకం వేయండి. కొవ్వు లేని 10 గ్రాముల ఎముకకు 6 నుంచి 7 గ్రాములు మిగలాలి. 5 కంటే తక్కువ వస్తే కొవ్వో తడో ఉండిపోయింది, లేదా తీసేటప్పుడు కుంపట్లో ముక్కలు రాలాయి.

సూళ్లూరుపేట_కుర్రోడు

అన్నా, మేక ఎముకలు తెల్లగా రావాలంటే బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో నానబెడితే చాలు, ఒక్క రాత్రిలో మిలమిలా మెరుస్తాయి.

ల్యాబ్_అన్న_ఆత్మకూరు

వద్దు తమ్ముడూ. బ్లీచింగ్ పౌడర్ కొల్లాజెన్‌ను తినేస్తుంది. ఆ రోజు మెరుస్తాయి, నెలకు పొడి రాలుతుంది, జాలీ పట్టీలు వేలికి అంటుకొస్తాయి. ఇంకా పెద్ద ప్రమాదం, పైన చెప్పిన ఆసిడ్ ఉన్న గదిలో బ్లీచింగ్ పెట్టి పొరపాటున రెండూ కలిశాయంటే క్లోరిన్ వాయువు వస్తుంది.

మేక తొడ ఎముకను కసాయి దగ్గరే సన్న రంపంతో నిలువుగా కోయించండి. కత్తితో కొట్టిస్తే చీలి జాలీ నలిగిపోతుంది. మూలుగ చెంచాతో తీసి, బట్టల సబ్బుపొడి ఒక చెంచా వేసిన నీళ్లలో సన్నసెగ మీద 2 గంటలు. తెర్లకాగనివ్వొద్దు, కొవ్వు ఎముకలోకే ఇంకి పసుపు పడుతుంది. తర్వాత మందులషాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఒక రోజు. నీడన ఆరబెట్టండి, ఎండలో పెడితే పగుళ్లిస్తుంది.

నెల్లూరు_అస్థిశాస్త్రం

పేర్ల చీటీలు అంటించేటప్పుడు ఒక జాగ్రత్త. మేక కాలు మనిషి కాలు కాదు. పాయాలో వచ్చే పొడుగాటి ఎముకను పిలకాయలు "అంతర్జంఘిక" (మోకాలి కింది పెద్ద ఎముక) అని రాసేస్తారు. అది అరచేతి లేదా అరికాలి ఎముక, 3, 4 వేళ్లవి రెండూ కలిసిపోయి ఒకటైంది. ముందువైపు నిలువు గాడి, కింద రెండు చక్రాల్లాంటి కొసలు చూస్తే తెలుస్తుంది. మేకలో అరత్ని రత్నికి అతుక్కుని ఉంటుంది. బహిర్జంఘిక (మోకాలి కింది సన్న ఎముక) దాదాపు లేదు, ఏదో మొలక మాత్రం. మనిషితో బాగా పోలిక కుదిరేది తొడ ఎముక, భుజాస్థి. ఆ రెండింటితో సరిపెట్టండి.

206 లెక్క అడిగితే ఇట్లా కూడించండి. తలలో 22, చెవుల్లో 6, గొంతు దగ్గర 1, వెన్నులో 26, పక్కటెముకలు రొమ్ముతో కలిపి 25. మొత్తం 80. ఒక్కో చేతికి 30, భుజం కట్టులో 4, ఒక్కో కాలికి 30, కటికి 2. మొత్తం 126.

నర్సింగ్_గూడూరు

ఇదే దారంలో ఒకటి అడగొచ్చా మేడం? వైవాలో తొడ ఎముక చేతికిచ్చి కుడిదా ఎడమదా అంటారు. బొమ్మలో తెలుస్తుంది, చేతిలో పట్టుకుంటే తికమక.

నెల్లూరు_అస్థిశాస్త్రం

గుండ్రటి తల పైకి పెట్టమ్మా. నిలువుగా పొడుగునా గరుకు గీత ఉన్న వైపు వెనక్కి, నున్నటి వైపు ముందుకి. కొంచెం ముందుకి ఉబ్బి వంగి ఉండటం కూడా ముందువైపుకు గుర్తు. ఇప్పుడు తల ఏ వైపు చూస్తే అటు ఒంటి మధ్యగీత ఉన్నట్టు. తల నీ ఎడమకు చూస్తే అది కుడి తొడ ఎముక. ఎముకను నీ తొడ పక్కనే పెట్టి చూసుకో, వేరేవాళ్లకు ఎదురుగా పట్టుకుంటేనే తారుమారవుతుంది. తల విరిగిన ఎముక ఇస్తే, నడిమి భాగాన్ని నిట్టనిలువుగా పట్టుకున్నప్పుడు కింది రెండు గుండ్రాల్లో ఎక్కువ కిందికి దిగింది లోపలివైపుది.

కొస ఏదో తెలియని ముక్క ఇస్తే రక్తనాళం దూరే రంధ్రం వెతుకు. గుండుసూది పెట్టి వాలు చూడు. చేతి ఎముకల్లో అది మోచేతి వైపు దూరుతుంది, కాలి ఎముకల్లో మోకాలికి దూరంగా దూరుతుంది. ఎక్కువ పెరిగే కొస దానికి ఎదురుగా ఉంటుంది. ముంజేతిలో బొటనవేలి వైపుది రత్ని, చిటికెన వేలి వైపుది అరత్ని. ఈ ఒక్కటి తప్పు చెప్పి మార్కులు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

కనిగిరి_బయాలజీ

రెండు ఎముకలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి "ఒకదాంట్లో ఖనిజం లేదు, ఇంకోదాంట్లో నార లేదు" అని రాయిస్తాం. నడుమ మూడోది మామూలు ఎముక. ప్రదర్శన రెండు రోజులు. అన్ని చేతులు పడితే నిలుస్తాయా?

ల్యాబ్_అన్న_ఆత్మకూరు

కాల్చింది నిలవదు. దూది పరిచిన గాజుగ్లాసులో పెట్టి, పక్కన దాని ముక్కలు నాలుగు వేరే చిప్పలో పెట్టండి. నలిపి చూసేవాళ్లు అవి నలుపుతారు.

ఆసిడ్‌లో ఊరినదాన్ని మూడు నీళ్లు మార్చి కడిగి, చివరి నీళ్లలో వంటసోడా చిటికెడు వేసి ఇంకోసారి ముంచండి, లేకపోతే చూసినోళ్ల వేళ్లు మంటపుడతాయి. గాలికి వదిలేస్తే మధ్యాహ్నానికే ఎండి కొమ్ములా బిగుసుకుపోద్ది, అప్పుడు వంచబోతే పుటుక్కున విరుగుద్ది, చూసేవాళ్లు మీ చార్టు తప్పంటారు. ఉప్పునీళ్ల గిన్నెలో ఉంచి, ఎవరైనా అడిగినప్పుడే తీసి వంచి చూపించి మళ్లీ వేసేయండి. రెండు ఊరబెట్టుకోండి, ఒకటి ఎవరో ఒకరు జేబులో వేసుకుపోతారు.